దశరథం చేతులు

శంషాబాద్
2009 ఫిబ్రవరి

అక్క శివమ్మకు తమ్ముడు గోవర్ధన్ దండం పెట్టి రాస్తున్నాను. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది, కారు ఒంట్లోనే బాగాలేదు. కారు నాది కాదు గనక పెద్దగా దిగులు లేదు.

బావ జేబులో ఫోన్ ఉండగా మనం ఇంకా ఉత్తరాలు రాసుకుంటున్నామని నా గదిలో ఉండే యాదయ్య పడిపడి నవ్వుతున్నాడు. వాడూ నాలాగే ఎయిర్‌పోర్టు దగ్గర కారు నడుపుతాడు. నా పేరు వింటేనే మా బావ ఫోన్ కట్ చేస్తాడని వాడికి ఎన్నిసార్లు చెప్పను. కందుకూరు పొలం అమ్మి ఇక్కడ ప్లాటు కొందామని నేనన్న పాపానికి మొగులయ్య బావ నాతో మాట మానేశాడు. మానేయనీ. ఉత్తరమైతే నువ్వు తీరిగ్గా తిట్టవచ్చు, నేను తీరిగ్గా చదువుకోవచ్చు.

తమ్ముణ్ణి నాలుగు రోజులు పంపుతానన్నావు. తప్పకుండా పంపు. దశరథానికి విమానాలంటే ఎంత పిచ్చో నాకు తెలియనిదా. పొలం మీదుగా విమానం పోతుంటే మనం చప్పుడు విని తలెత్తుతాం. వాడు మన ముఖాలు చూసి తలెత్తుతాడు. అప్పటికి అది సగం దాటిపోయి ఉంటుంది. గిత్తను కొమ్ములు పట్టి ఆపగల మనిషి, ఆ మిగిలిన తోకను చూసి చిన్నపిల్లాడిలా చేతులు ఊపుతాడు. ఈసారి ముక్కు నుంచి తోక దాకా చూపిస్తాను. తర్వాత చార్మినార్, గోల్కొండ, వాడి ఓపిక, నా ఓపిక.

నా భయమల్లా ఒక్కటే. పట్నం చూడటానికి వచ్చేవాళ్లను నేను రోజూ చూస్తున్నాను. దిగినప్పుడు నవ్వుకుంటూ నా కారు ఎక్కుతారు. తిరుగు ప్రయాణంలో సగం మంది ఏదో ఒకటి పోగొట్టుకుని ఎక్కుతారు. మొన్న కలకత్తా నుంచి వచ్చిన ముసలి దంపతుల పర్సు చార్మినార్ దగ్గర పోయింది. అందులో మనవరాలి ఫొటో ఉందట. ఆరాంఘర్ నుంచి గగన్‌పహాడ్ దాటేదాకా ఆమె కళ్లు తుడుచుకుంటూనే ఉంది. డబ్బు సంగతి ఒక్క మాట కూడా అనలేదు.

ఇక్కడి దొంగలు నాటకాల వాళ్లను మించిపోయారు. ఒకడు నీ చొక్కా మీద పెరుగు చల్లుతాడు, ఇంకొకడు అయ్యో పాపమని తుడుస్తాడు, తుడిచేలోపు జేబు ఖాళీ. ఒకడు చిల్లర కింద పారబోస్తాడు, ఏరిపెడదామని నువ్వు వంగితే అయిపోయింది. బస్సులో చేతి మీద పేపరు కప్పుకుని నిలబడేవాడు పేపరు చదవడానికి రాలేదని తెలుసుకో. గోల్కొండ తోవలో ఆటోవాడు "ఇయ్యాల కోట బంద్ ఉంది అక్కా, ముత్యాల దుకాణం జూపిస్త, జర దేఖో" అంటాడు. అన్నిటికన్నా ప్రమాదం వరస కలిపేవాడు. "ఏ ఊరన్నా మీది? కందుకూరా? అరె, మా మేనత్తోళ్లది గాడనే" అంటాడు. మన ఊళ్లో అలా అన్నవాడికి మంచం వేస్తాం. ఇక్కడ అలా అన్నవాడికి దూరం జరగాలి.

ఒక లెక్కకు మనవాడు నయం. పుట్టు చెవుడు గనక ఎవడు ఏ వరస కలిపినా వాడి దగ్గర చెల్లదు. ఆ మేరకు దేవుడు మేలే చేశాడు. ఇక మిగిలింది చేతులతో చేసే దొంగతనం. జేబులోకి చేయి వస్తే ఏం చేయాలో మాత్రం నేర్పించి పంపు. నువ్వు తప్ప వాడికి ఇంకెవరూ ఏమీ నేర్పలేరు.

నీ తమ్ముడు
గోవర్ధన్


కందుకూరు
మార్చి

గోవర్ధన్‌కు అక్క దీవించి రాస్తున్నది.

తీరిగ్గా తిట్టమన్నావు గనక ముందు ఆ పని కానిస్తాను. చెవులు లేకపోవడం మేలన్నవాడివి ప్రపంచంలో నువ్వొక్కడివే. ఆ మాట మన అమ్మ ఉండగా అనవలసింది, చీపురు విరిగేది.

ఇక నువ్వు చెప్పిన చదువు సంగతి. దొంగ అంటే ఏమిటో వాడికి ఎలా చెప్పడం? మన చేతి మాటల్లో అన్నం ఉంది, వాన ఉంది, తప్పు చేస్తే లెంపలు వేసుకోవడం ఉంది. నా పేరుకు ముక్కుపుడక, నీ పేరుకు స్టీరింగ్, మీ బావ పేరుకు జేబులో ఫోన్ తడుముకోవడం ఉన్నాయి. చిన్నప్పటి నుంచి మనం ముగ్గురం కూర్చుని ఇన్ని మాటలు కల్పించుకున్నాం గానీ దొంగ అన్న మాట ఎప్పుడూ అవసరం పడలేదు. పాలు తాగిపోయే పిల్లిని చూపిద్దామని మూతి నాకినట్టు చేశాను. వాడు తల ఊపి, సంచిలో ఒక కట్టె సర్దుకున్నాడు. పట్నంలో పిల్లులు ఎక్కువని చెబుతున్నాననుకున్నాడు.

సరే, నాటకమే ఆడదామని కొంగు ముసుగేసుకుని వెనక నుంచి వెళ్లి వాడి జేబులో చేయి పెట్టాను. వాడు కదలకుండా నిలబడి నవ్వుతున్నాడు. చేయి తీశాక జేబు తడిమి చూసుకుని, ఖాళీగా ఉంటే నా ముఖం వైపు చూశాడు. అప్పుడు అర్థమైంది నాకు. పుట్టిన దగ్గర నుంచి వాడి జేబులో చేయి పెట్టినవాళ్లంతా ఏదో ఒకటి పెట్టినవాళ్లే. నేను బెల్లం పెడతాను, లచ్చమ్మ పిన్ని వేయించిన పల్లీలు పెడుతుంది. తీసుకునే చేయి కూడా ఒకటి ఉంటుందని వాడికి తెలియదు. ఆ చూపు చూశాక నేర్పడం మానేద్దామనిపించింది. నీ ముసలి దంపతులు గుర్తొచ్చి మానలేదు.

ఇప్పుడు బాగా వచ్చేసింది. చేయి జేబులోకి రాగానే మణికట్టు పట్టుకోవాలి. తిరిగి చూస్తూ కూర్చుంటే దొంగ జారిపోతాడు గనక ముందు పట్టు, తర్వాత చూడు అని నేర్పాను. నేను భుజం తట్టేదాకా వదలకూడదు. పట్టుకున్నప్పుడల్లా బెల్లం ముక్క. వాడలో అందరికీ ఇదే ఆట అయిపోయింది. లచ్చమ్మ పిన్ని కూడా ఒకసారి దొరికి, "నీ పట్టు పాడుగాను, గాజులు పలుగుతయ్ రా కొడుకా" అని మొత్తుకుంది. మీ బావకు ఎవరూ చెప్పలేదు. నిన్న వాడి జేబులో అగ్గిపెట్టె కోసం చేయి పెట్టి, నేను పొయ్యి దగ్గర నుంచి వచ్చేదాకా అలాగే వంగి నిలబడ్డాడు. "ఏందే శివమ్మా, గిట్ల దయ్యం లెక్క పట్టుకుండు, ఇగ ఇడవమను" అంటుంటే నాకు నవ్వాగలేదు.

చొక్కాకు లోపల వైపు ఇంకో జేబు కుట్టాను. అందులో ఒక చీటీ పెట్టాను. చెవుడు, మూగ అని, నీ పేరు, నీ ఫోన్ నంబరు రాశాను. కష్టం వస్తే చీటీ తీసి చూపించమని నేర్పాను. ఇంతకంటే ఏం చేయను. నీ చేతుల్లో పెడుతున్నాను, జాగ్రత్త.

నీ అక్క
శివమ్మ


శంషాబాద్
ఏప్రిల్

అక్కకు గోవర్ధన్ దండాలు. నీ పార్సిల్ క్షేమంగా చేరింది.

యాదయ్య కారులోంచి దిగగానే దశరథం నా గది చూసి ముక్కు మూసుకున్నాడు. చీపురు తీసుకుని ఊడ్చిన తర్వాతే లోపలికి వచ్చాడు. యాదయ్యకు అవమానమైంది, నాకు సంతోషమైంది.

మర్నాడే విమానాల దగ్గరికి తీసుకుపోయాను. గోడ బయట పల్లేరు మొలిచిన బీడు ఒకటుంది, అక్కడి నుంచి దిగేవి తల మీదుగా పోతాయి. మొదటిది వచ్చినప్పుడు వాడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నేను ముందే చేయి చూపించాను గనక ఈసారి ముక్కు దగ్గర నుంచే చూశాడు. అది దాటిపోయాక లేచి, నా అరచేయి తీసుకుని తన ఛాతీ మీద పెట్టుకున్నాడు. లోపల ఏదో మోగిందని చూపించాడు. వాడికి మోగడం అంటే ఏమిటో ఎవరు చెప్పారు అక్కా? పొద్దుగూకేదాకా అక్కడే ఉన్నాం. నాకు రెండు కిరాయిలు పోయాయి, పోతే పోనీ.

నువ్వు నేర్పిన విద్యకు నూటికి నూరు మార్కులు. నమ్మకం లేక, వాడు పళ్లు తోముకుంటుంటే వెనక నుంచి జేబులో చేయి పెట్టాను. బ్రష్ నోట్లోనే ఉంది, నా మణికట్టు వాడి గుప్పిట్లో ఉంది. తిరిగి నేనని చూసి, నేను నవ్వుతుంటే తనూ నవ్వాడు. యాదయ్య పందెం కాసి దొరికిపోయాడు. "అరె ఇడువురా బాబూ, గేరెట్ల మార్చాలె నేను" అని బతిమాలుకున్నాడు. ఇప్పుడు రోజూ ఒకసారైనా పరీక్ష పెట్టకపోతే నాకు తోచడం లేదు. వాడికీ అదే సరదా.

ఈ ఆదివారం చార్మినార్. భయపడకు. పక్కనే నేనుంటాను, వాడి చెవులు నేనే.

నీ తమ్ముడు
గోవర్ధన్


కందుకూరు
మే

గోవర్ధన్‌కు అక్క దీవెనలు.

చార్మినార్ చూపిస్తానని రాసినవాడివి, చూపించావో లేదో రాయలేదు. నాలుగు రోజులకని వచ్చిన మనిషి. రోహిణి దగ్గర పడుతోంది, దుక్కి పని ఉంది. మీ బావ పైకి ఏమీ అనడు గానీ పశువుల కొట్టం వైపు చూసినప్పుడల్లా "గాడు లేకుంటే కాళ్లు చేతులు ఆడుతలేవు" అంటున్నాడు. ఎర్రగిత్త వాడి చేతి మేత తప్ప ముట్టడం లేదు.

వాడికి అక్కడే బాగుందంటే ఇంకొన్నాళ్లు ఉండనీ. కానీ ఒక్క ముక్క రాయి.

అక్క


శంషాబాద్
మే

అక్కకు దండాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. కంగారు పడకు. చార్మినార్ చూశాం, రద్దీ బాగా ఉంది. దశరథానికి చేయి కొంచెం బెణికింది, అంతే. కంగారు పడాల్సింది ఏమీ లేదు. డాక్టరు కొన్నాళ్లు పని చేయించవద్దన్నాడు గనక ఇక్కడే ఉంచుకుంటున్నాను. యాదయ్య వాడికి టీవీ పెడుతున్నాడు. బావకు ఏదో ఒకటి చెప్పు. నువ్వు మాత్రం కంగారు పడకు.

గోవర్ధన్


కందుకూరు
మే

గోవర్ధన్,

నీ ఉత్తరం ముందు పెట్టుకుని కూర్చున్నాను. కంగారు అన్న మాట మూడుసార్లు రాశావు. మామూలుగా నువ్వు ఒక్క పేజీలో ముగ్గురిని వెక్కిరిస్తావు. ఇందులో నీ కారును కూడా వెక్కిరించలేదు.

చేయి బెణికితే కాపడం పెట్టేదాన్ని నేను ఉన్నాను కదా, ఇంటికి ఎందుకు పంపలేదు? ఏ చేయి? ఎలా బెణికింది? ఎద్దు ఈడ్చుకుపోయినా బెణకని చేయి చార్మినార్ చూస్తే బెణికిందా? నువ్వు అబద్ధం ఆడితే నాకు తెలుస్తుందని నీకూ తెలుసు.

ఉన్నదున్నట్టు రాయి. రాయకపోతే మీ బావ జేబులోంచి ఫోన్ లాక్కుని ఆయన ముందే నీకు చేస్తాను.

శివమ్మ


శంషాబాద్
జూన్

అక్కా,

ఈ ఉత్తరం ఎన్నిసార్లు మొదలుపెట్టి చించానో. ఫోన్ చేయకు, కాగితం మీదే చెబుతాను.

సెలవుల ఆదివారం. చార్మినార్ కింద ఇసుక వేస్తే రాలనంత జనం. దశరథం తల వెనక్కి వాల్చి పై గడియారం చూస్తున్నాడు. అప్పుడు వెనక నుంచి ఎవరో వాడి జేబులో చేయి పెట్టారు. నువ్వు నేర్పినట్టే పట్టుకున్నాడు. పెనుగులాట చూసి ఎవరో దొంగ దొంగ అని అరిచారు. ఎవరు దొంగ, ఎవరు కాదు అని ఆగి చూసేవాళ్లు లేరు. నా మీదా పడ్డారు. కనుబొమ మీద కుట్లు పడ్డాయి, అది లెక్కలోది కాదు. నన్ను కొట్టడం చూసి దశరథం వాళ్లను కొట్టడం మొదలుపెట్టాడు. వాడి బలం నీకు తెలుసు. నలుగురు కింద పడ్డారు. ఇక అందరూ వాడి వైపు తిరిగారు. "ఇద్దరూ ఒక ముఠా, పట్టుకోండి" అన్నారు. "పేరు చెప్పరా, ఏ ఊరురా నీది" అని అడిగారు. వాడు జవాబు చెప్పకపోతే పొగరనుకున్నారు. చెవుడన్నా, మూగన్నా, నా తమ్ముడన్నా అని నేను గొంతు చించుకుంటూనే ఉన్నాను.

వాడికి నీ చీటీ గుర్తొచ్చింది. తీసి చూపిద్దామని లోపలి జేబులో చేయి పెట్టాడు. "కత్తి తీస్తుండు" అని ఎవడో అరిచాడు. అప్పుడు ఆ చేతి మీద పడ్డారు. రోడ్డు మీద పెట్టి బూట్లతో తొక్కారు. ఎడమ మణికట్టు మీద కర్రతో కొట్టారు. జేబులు కొట్టే చేతులు ఇక ఉండకూడదన్నారు.

కొట్టినవాళ్లు ఎవరని అడుగుతావేమో. రౌడీలు కారు అక్కా. మనలాగే చూడటానికి వచ్చినవాళ్లు. ఒకాయన భుజం మీద పాప ఉంది. ఇళ్ల దగ్గర వాళ్లకు కూడా ఎవరో జాగ్రత్తలు చెప్పి పంపించి ఉంటారు. ఒక చేత్తో జేబు పట్టుకుని, ఇంకో చేత్తో కొట్టారు. పోలీసులు వచ్చి విడిపించారు. కేసు పెట్టమన్నాను. ఎవరి మీద పెట్టమంటావని అడిగారు. జనానికి పేరు లేదు కదా.

దవాఖానలో రెండు చేతులకూ కట్లు కట్టారు. ఎముకలు అతుక్కుంటాయట, వేళ్లు మాత్రం మునుపటిలా వంగవట. చేతులతో ఏం పని చేస్తాడని డాక్టరు అడిగాడు. వ్యవసాయం అన్నాను. మాట్లాడతాడని మాత్రం చెప్పలేకపోయాను.

గోవర్ధన్


కందుకూరు
జూన్

గోవర్ధన్,

చదివాను. మీ బావకు చదివి వినిపించాను. ఆయన కండువా ముఖం మీద వేసుకుని బయటికి పోయి కొట్టంలో కూర్చున్నాడు.

నేర్పింది నేను. జేబులోకి వచ్చే చేయి మంచిదని నమ్మి నవ్వుతూ నిలబడ్డవాడికి బెల్లం ముక్క పెట్టి మరీ నేర్పాను. ఏమీ నేర్పకుండా పంపితే ఏమయ్యేది? జేబు పోయేది. చీటీ రాసింది కూడా నేనే. ఏం చేసినా వాడి మేలుకే చేశాను, ఒక్కొక్కటీ వాడి చేతుల మీదికే వచ్చింది. రోటి దగ్గర కూర్చుంటాను, చేయి ఆడదు. నా చేతులు బాగుండటమే నాకు తప్పుగా ఉంది.

నిన్ను అనడానికి ఏమీ లేదు. నువ్వు అడ్డం పడి దెబ్బలు తిన్నావు. ఒక్క సంగతి మాత్రం చెప్పు. జేబులో చేయి పెట్టినవాడు దొరికాడా? వాడిని ఎవరైనా ఒక్క దెబ్బ వేశారా? అది తెలిస్తే నాకు ఒక ముద్ద దిగుతుందేమో.

దశరథాన్ని పంపెయ్. నోట్లో అన్నం పెట్టడానికి నేను ఉన్నాను.

అక్క


శంషాబాద్
జూన్

అక్కా,

దొరకలేదు. జనంలో కలిసిపోయాడు.

యాదయ్య కారులో దశరథాన్ని పంపుతున్నాను. నేను రాలేను. బావ ముఖం చూడలేను, నీది కూడా. నిన్ను నువ్వు అనుకోకు. నీ తప్పు ఏమీ లేదు, ఇది మాత్రం నన్ను నమ్ము. మందులు సంచిలో పెట్టాను. రోజూ వేళ్లు కొంచెం కొంచెం వంచి చూడమన్నారు. వంచితే ఏడుస్తాడు, చప్పుడు రాదు, ముఖం చూస్తూ వంచు.

వాడు నీకు ఏమైనా చెబితే

ఏమీ లేదు. వాడిని చూసుకో.

గోవర్ధన్


కందుకూరు
జులై

గోవర్ధన్,

దీవెన రాయడానికి మనసు రావడం లేదు.

కట్లు విప్పేశారు. కుడి చేతి మూడు వేళ్లు పుల్లల్లా నిలబడిపోయాయి. ఎడమ మణికట్టు పక్కకు తిరిగి అతుక్కుంది. చెంచాతో తింటున్నాడు. తాడు పట్టుకోగలడు, ముడి వేయలేడు. మీ బావ వాడికి చేతనైన పని వెతికి పెడుతున్నాడు, ఇవన్నీ ఎలాగో గడుస్తాయి. మాటే గడవడం లేదు. వాడు అన్నం అంటే నాకు నీళ్లు అనిపిస్తుంది. ఎర్రగిత్త సంగతి చెబుతుంటే నేను వాన సంగతి అనుకుని జవాబు చెబుతాను. రెండు మూడుసార్లు చూపించి నాకు అర్థం కాకపోతే చేతులు చంకల్లో దాచుకుని అటు తిరిగి కూర్చుంటాడు. లచ్చమ్మ పిన్నితోనైతే అసలు చెప్పడం మానేశాడు.

మొన్న ముసురు పట్టింది. కొట్టంలో ఇద్దరమే ఉన్నాం. వాడు వచ్చి నా ఎదుట కూర్చుని చార్మినార్ సంగతి మొదలుపెట్టాడు. మొదట రెండు చేతులూ లేపి స్టీరింగ్ తిప్పబోయాడు. ఎడమ చేయి తిరగలేదు, అయినా నీ పేరని తెలిసింది. మీరిద్దరూ కలిసి వెళ్లారని చెబుతున్నాడనుకున్నాను. తర్వాత జేబు చూపించి, అందులో చేయి పెట్టినట్టు చూపించాడు. మళ్లీ స్టీరింగ్ తిప్పాడు. నేను కాదని తల ఊపి, దొంగ అని చెబుదామని పిల్లి మూతి నాకినట్టు చూపించాను. వాడు అడ్డంగా తల ఊపి మళ్లీ స్టీరింగే తిప్పాడు. వాడి చేతులు పాడయ్యాయి గనక నాకు తప్పుగా అర్థమవుతోందనుకున్నాను. అనుకోవాలని చాలా గింజుకున్నాను.

అప్పుడు వాడు నీ నవ్వు చూపించాడు. పెదవి ఒక పక్కకు లాగి, భుజాలు ఎగరేసి, తల కిందికి దించి నువ్వు నవ్వే నవ్వు. చేతులు లేకుండా ముఖంతోనే చూపించాడు. జేబులో చేయి, ఆ వెంటనే ఆ నవ్వు. ఇక కాదనడానికి నాకు ఏమీ మిగల్లేదు.

దొంగ లేడు. ఆ చేయి నీది. గదిలో రోజూ ఆడిన ఆట అంత జనంలో ఆడావు. ముందు పట్టు, తర్వాత చూడు అన్నాను గనక వాడు చూడకుండా పట్టుకున్నాడు. నీ చేయి వాడి జేబులో ఉండటం చూసి జనం నిన్ను దొంగ అన్నారు, నీ మీద పడ్డారు. అప్పుడు వాడు తిరిగి చూశాడు. చూసి వదిలేసి, నిన్ను కొట్టేవాళ్ల మీదికి పోయాడు. ఇదంతా ఆ చేతులతో పొద్దున మొదలుపెట్టి పాలు పితికే వేళ దాకా చెప్పాడు.

నీ ఉత్తరంలో ఎవరో అని రాశావు. జనంలో కలిసిపోయాడని రాశావు. నేను తిండి మానేసి ఆ ఎవరో కోసం శాపనార్థాలు పెడుతుంటే ఊరుకున్నావు. నిన్ను తిట్టాలని చాలా మాటలు పోగేసుకున్నాను. కాగితం ముందు పెట్టుకుంటే ఒక్కటీ రావడం లేదు. తిడితే నాకు తేలికవుతుందనుకున్నాను, కాదు. నువ్వు చేయి పెట్టకపోతే పట్టుకునేవాడు కాదు, నేను నేర్పకపోతే పట్టుకునేవాడు కాదు. ఇద్దరం కలిసే వాడి నోరు తీసేశాం.

వాడు నిన్నేమీ అనడం లేదు, అది కూడా తెలుసుకో. చెప్పడం అయిపోయాక ఆ వంకర చేతులతో లెంపలు వేసుకున్నాడు. తన ఛాతీ మీద చేయి పెట్టుకుని, కనుబొమలు ఎత్తి నా ముఖంలోకి చూశాడు. తప్పు నాదా అని అడుగుతున్నాడు. అన్న చేతిని పట్టుకుని అన్నను కొట్టించింది నేనే కదా అంటున్నాడు. నేను కాదన్నాను. గడ్డం పట్టుకుని, తల అడ్డంగా ఊపి కాదన్నాను. నీ కనుబొమ మీద కుట్లు మానిపోయాయని చెప్పాను. వాడు నమ్మాడు. ఆ తర్వాత రెండు చేతులూ నా ముందు చాచి, ఒకసారి వాటిని చూసి, ఒకసారి నన్ను చూశాడు. తప్పు నాది కాకపోతే మరి ఇవెందుకు అని.

రోజూ అడుగుతున్నాడు. పాలు పితుకుతుంటే వచ్చి చేతులు చాస్తాడు, అన్నం కలుపుతుంటే చాస్తాడు. జవాబు వచ్చేదాకా అలాగే ఉంచుతాడు. నిన్న మీ బావ చూడలేక లేచి బయటికి పోయాడు. చేతి మాటల్లో లేకపోతే పోయింది, నోటి మాటల్లో కూడా నాకు ఒక్క జవాబు దొరకడం లేదు. ఎవరినని అడగను.

నువ్వు వచ్చి వాడి ముందు కూర్చుని చెప్పు. మీ బావ ఏమీ అనడు, నేను మాట్లాడాను. ఉత్తరం మాత్రం రాయకు. వాడికి చదవడం రాదు.

శివమ్మ